నేను లేని సముద్రం ఫొటో

మా ఇంట్లో ఉన్న ఫొటోలన్నిటిలోకీ బాగా వచ్చిన దాంట్లో నేను లేను. నేను లేను కాబట్టే అది అంత బాగా వచ్చిందని మా అక్క అభిప్రాయం. నా మొహం సంగతి నాకూ తెలుసు లెండి. ఆధార్ కార్డుకు ఫొటో తీసినాయన "కొంచెం మామూలుగా కూర్చో అన్నా" అని మూడుసార్లు అన్నాడు, మూడుసార్లూ నేను మామూలుగానే కూర్చుని ఉన్నాను. ఈ ఉదయం మా ఆవిడ ఫోన్ ఎవరూ అడక్కుండానే ఆ సముద్రం ఫొటోను పైకి తెచ్చి, మూడేళ్ల కిందట ఇదే రోజు అని చూపించింది. మనం పక్కన పెట్టినవన్నీ తవ్వి తీయడం ఈ ఫోన్లకు ఒక రోగం. ఫొటోలో మా ఆవిడ, మా అక్క, మా అమ్మాయి ఒక నీలం ప్లాస్టిక్ పట్టను తలల మీద పట్టుకుని వానలో నిలబడి ఉన్నారు. వెనక సముద్రం రాగి అంబలి రంగులో ఉంది. ఆ పట్ట, కోసిన మల్బరీ ఆకు వాడిపోకుండా మేం కప్పేది. నా తరఫున సముద్రం దాకా వెళ్లి వచ్చింది అదొక్కటే.

మాది పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో ఒక పల్లె. పేరులో సముద్రం ఉన్న ఊరు అంత దగ్గరలో ఉన్నా మా బోరుబావిలో నీళ్లు వెయ్యి అడుగుల కిందే ఉంటాయి. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు సుద్దముక్క విసిరి నన్ను బెంచీ ఎక్కించాడు, నేను దిగి నేరుగా ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత చదివిందంతా పట్టుపురుగుల దగ్గరే. పురుగు తన బతుకులో నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయి పాత చర్మం వదులుతుంది. మావైపు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక వారం రోజులు మేతే మేత, షెడ్డులో నిలబడితే రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంటుంది. తర్వాత గూళ్లు కడతాయి, గూళ్లు మార్కెట్టుకు పోతాయి, షెడ్డు కడుగుతాం, మళ్లీ పిల్లపురుగులు వస్తాయి. ఇదంతా కలిపి ఒక బ్యాచ్. ఏడాదికి ఎనిమిది. ఆ ఫొటో నాటికి, పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో మేమిద్దరం కలిసి ఊరు దాటి రెండు రోజులు ఉన్నది లేదు. పెళ్లికి నేను పోతే ఆకు ఆమె వేసేది, చావుకు ఆమె పోతే నేను వేసేవాడిని. చుట్టాలు కొందరు మా ఇద్దరికీ పడదనే అనుకున్నారు.

ఆ ఏడు దీపావళి ముందు ముసురు పట్టింది. తొమ్మిది రోజులు సూర్యుడి మొహం చూడలేదు. ఆకు తడిది, షెడ్డు చెమ్మ, నాలుగో జ్వరం లేచిన పురుగులు రెండు రోజులు మేసి మూడో రోజు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. సున్నం పూసినట్టు తెల్లగా, సుద్దముక్కల్లా. చేత్తో తీస్తే విరుగుతాయి. గుంట తవ్వి, బుట్టలతో మోసి పోసి, పైన సున్నం చల్లాం. నేను అక్కడ కూడా నోరు మూసుకోలేదు. "నన్ను బడి మానిపించిన సుద్దముక్కలు మళ్లీ యాడ దొరికినాయో సూడు" అన్నాను. మా ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. నాకు కూడా లోపల ఏమీ లేదు. చెయ్యి నొక్కుకుని పడుకుంటే లేచాక అది మనది కాదన్నట్టు ఉంటుంది చూడండి, ఒళ్లంతా అలా ఉంది. ఆమె తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ, "ఈసారి సముద్రం సూడల్ల" అంది. పంతొమ్మిదేళ్లలో ఆమె నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అది రెండోసారి. మొదటిది మిక్సీ.

ప్రయాణం ఏర్పాట్లకు మదనపల్లెలో మా అక్క ఇంట్లో కూర్చున్నాం. అక్కకు అక్కడ గాజుల అంగడి, మా అమ్మాయి ఆమె దగ్గరే ఉండి ఇంటర్ చదివేది. మా బావమరిదికి కుప్పంలో రైల్వేస్టేషన్ ముందర టీ అంగడి, కాబట్టి రైళ్ల సంగతంతా ఆయన కిందికి వస్తుంది. ఆయన్ను ఫోన్లో పెట్టి స్పీకరు ఆన్ చేశాం. ఆయన ఒక మాట చెప్పేలోపు రెండు రైళ్లు కూత వేసేవి.

"ఒరే, వానకాలంలో ఎవురన్నా సముద్రానికి పోతారా?" అంది అక్క. "ఎండాకాలం పోతే ఏమి?"

"ఎండాకాలానికి అదీ మన బోరు మాదిరి ఎండిపోతే? ఉన్నప్పుడే సూసుకోవల్ల అక్కా."

"బావా, టీవీలో అల్పపీడనం అంటాండారు," అన్నాడు కుప్పం నుంచి బావమరిది.

"నాలుగు దినాలూ ఉరుముల బొమ్మే సూపిస్తాండాది నాయనా," అని మా అమ్మాయి ఫోన్ నా మొహానికి పెట్టింది.

అక్క అప్పటికే పక్షం మార్చేసి పెన్సిల్ తీసింది. తడిస్తే ఏమి, అక్కడ ఉండేదే నీళ్లు కదా అంటూ పట్టీ రాయసాగింది. పులిహోర, చెనిక్కాయల పొడి, గొడుగులు, జలుబు మాత్రలు. చివర ఉప్పు పొట్లం కూడా రాసింది. సముద్రానికి ఉప్పు మోసుకుపోయే మనిషిని ఇంతవరకు చూడలేదన్నాను. "నీ నోట్లో పోసేదానికి" అంది. ఇలా గంటసేపు అందరం తలా ఒక మాట అని నవ్వుతున్నాం. అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చున్న మా ఆవిడ అప్పుడు మాట్లాడింది. "వాన పడితే పడనీ వదినా. నాలుగు దినాలు ఆకు కొయ్యకుండా నీళ్లు సూస్తా కూసోవల్ల. ఈయన గూడా పక్కన ఊరకే కూసోవల్ల. అంతే." అందరూ నావైపు చూశారు. సరే అన్నాను. శుక్రవారం ఉదయం కుప్పంలో రైలెక్కి మద్రాసు, మంగళవారం తిరిగి రావడం. రాసేసుకున్నాం.

తర్వాత జరిగింది మా వృత్తిలో లేనివాళ్లకు చెబితే అర్థం కాదు, ఉన్నవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. బుధవారం పొద్దున నేను షెడ్డులో నిలబడి ఉన్నాను. కడిగేసిన తట్టలు, ఖాళీ అరలు, బ్లీచింగ్ వాసన. మేత చప్పుడు లేని షెడ్డులో నిలబడితే చెవుల్లో గుయ్యిమంటుంది. అప్పుడు పిల్లపురుగులు పెంచి అమ్మే మనిషి ఫోన్ చేశాడు. సోమల ఊరి రైతు ఒకాయన వద్దన్నాడట, నూరు గుడ్ల పురుగులు, అంటే మా లెక్కలో నలభై వేల దాకా, మిగిలిపోయాయట. "శనివారం తెచ్చి పోసేదా అన్నా?" అన్నాడు. "తెచ్చెయ్" అన్నాను. ఆశపడి కాదు. రోగం వచ్చిన షెడ్డుకు ఇంకా కొన్నాళ్లు విరామం ఇవ్వాలని నాకు తెలియక కాదు. ఎవరైనా అన్నం తిన్నావా అంటే తిన్నా అన్నట్టు, పురుగులు కావాలా అంటే కావాలన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాక శుక్రవారం గుర్తొచ్చింది. మళ్లీ ఫోన్ చేసి వద్దనవచ్చు. చెయ్యలేదు. ఖాళీ తట్టలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

గురువారం మధ్యాహ్నం ఆమె బ్యాగు సర్దుతుంటే తలుపు దగ్గర నిలబడి, "మనింటికి శనివారం చుట్టాలు వస్తాండారు, బాగా చిన్నబిడ్డలు, వదిలిపెట్టి పొయ్యేదానికి లేదు" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థమైంది. "ఎవురు రమ్మన్నారు?" అంది.

"నేనే."

ఆమె గొంతు పెంచలేదు. బ్యాగులోంచి నా చొక్కాలు రెండు, కొత్త లుంగీ తీసి, మడత చెదరకుండా బీరువాలో పెట్టింది. బ్యాగు ఒకవైపు కుంగిపోయింది. చుట్టూ చూసి, ఆకు మీద కప్పే నీలం పట్టను మడిచి ఆ ఖాళీలో పెట్టి జిప్పు లాగింది. "నేను పొయ్యొస్తా" అంది.

శుక్రవారం తుంపరలో ఆమెను, అక్కను, అమ్మాయిని కుప్పం దాకా తీసుకుపోయి రైలెక్కించాను. బావమరిది అంగడి మూసి వాళ్లతో బయలుదేరాడు. కుప్పం పోయే బస్సులో వెంకటగిరికోట దాటేదాకా అక్క నన్ను తిడుతూనే ఉంది, తర్వాత విసుగొచ్చి పడుకుంది. ప్లాట్‌ఫారం మీద నేను ఏవేవో జోకులు వేశాను. ఏమన్నానో గుర్తులేదు, మా అమ్మాయి మాత్రం నవ్వింది. కిటికీలోంచి మా ఆవిడ "తడి ఆకు వెయ్యొద్దు" అని ఒక్కమాట అంది. రైలు పోయింది. చెయ్యి ఊపాను. ఏదో ఒకటి అనిపిస్తుందని కాసేపు అక్కడే నిలబడ్డాను గానీ, ఏమీ అనిపించలేదు. టీ తాగుదామంటే బావమరిది అంగడి మూసి ఉంది.

శనివారం పురుగులు వచ్చాయి. రెండు జ్వరాలు లేచినవి, చీమల కంటే కాస్త పెద్దవి, మేసినా చప్పుడు రాదు. ఆకు కోశాను, తుడిచి ఆరబెట్టాను, సన్నగా తరిగి వేశాను. ఆదివారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. పలకరింపు కూడా లేదు, ఫోన్‌ను సముద్రం వైపు పట్టుకున్నట్టుంది. నేను షెడ్డు గడప మీద కూర్చుని విన్నాను. రేకుల మీద వాన పడుతున్నట్టు, ఆగకుండా, ఎక్కడా తగ్గకుండా. నాకు ఆ చప్పుడు ఒక్కటే తెలుసు. "బాగా మేస్తాండాది" అన్నాను. నిజంగా నోట్లోకి అదే వచ్చింది, జోకు కాదు. ఆమె ఫోన్ పెట్టేసింది.

మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. బ్యాగు దించి నేరుగా షెడ్డు దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం గడప ముందు మందునీళ్ల తట్టలో కాళ్లు పెట్టింది. బయటి రోగం లోపలికి రాకుండా అందరం అందులో కాళ్లు ముంచే లోపలికి పోతాం. ఆమె వేళ్ల సందుల్లోంచి, చీర అంచులోంచి ఇసుక జారి తట్ట అడుగుకు చేరింది. గుప్పెడు కూడా ఉండదు. ఆమె లోపలికి పోయి పురుగులను చూసి, కత్తి తీసుకుని ఆకు తరగడానికి కూర్చుంది.

"సముద్రం ఎట్లుండాది?" అన్నాను. "నన్నేమన్నా అడిగిందా?"

"అడగలేదు," అంది తల ఎత్తకుండా. "అదీ నీ మాదిరే, ఊపిరి తీసుకోకుండా వాగతానే ఉండాది. అయితే నాలుగు దినాల్లో ఒక్కసారి కూడా ఆకు కొయ్యమనలేదు."

ఆ బ్యాచ్ బాగా వచ్చింది, గూళ్లు గట్టిగా, తెల్లగా. ఎందుకు చెబుతున్నానంటే ఇంట్లో ఎవరూ అడగలేదు. తర్వాత ఆమె మళ్లీ సముద్రం మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మేం ఏళ్లు లెక్కపెట్టం, బ్యాచులు లెక్కపెడతాం. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది కాబట్టి మధ్యలో ఎంత కాలం పోయిందో కనబడదు. ఫోన్ చెప్పబట్టి ఈరోజు తెలిసింది గానీ, నా లెక్కలో ఆ ఫొటో ఇరవై నాలుగు బ్యాచుల కిందటిది. మా ఆవిడ జుట్టు ఫొటోలో నల్లగా ఉంది.

ఈ ఉదయం ఆ ఫోన్ పట్టుకుని షెడ్డులోకి పోయాను. ఆమె మూడో అర మీద ఆకు పరుస్తోంది. మోకాలి నొప్పి వల్ల పీట వేసుకుని ఎక్కింది. ఫొటో చూపించి, "ఈ బ్యాచ్ అయినాక పోదామా? నేను గూడా వస్తా. అంత తొందరేమీ లేదులే, సముద్రం యాడికి పోతాది" అన్నాను.

ఆమె ఫొటోను చూసింది, నన్ను చూసింది, చేతిలోని ఆకు పరిచింది.

"సముద్రానికి తొందర లేదప్పా," అంది. "నాకుండాది."