నేను చూడకుండా చెప్పిన దారి

మొన్న కువైట్ నగరం షర్క్ పేటలో మా ఆఫీసు మెట్లు దిగుతుంటే ఫోన్లో మెసేజ్ వచ్చింది. మా సైకిల్ గుంపులో ఉండే కోనసీమ వంటాయన పెట్టాడు. "ఏవండీ, ఈసారి వంతు మీదేనండి. ఒడ్డు దాకా పోదావంటున్నారు మనోళ్లు. దారెలా ఉందో శుక్రవారం చూసొచ్చి చెప్పండి." మామూలు మాటే. ఏటా ఫిబ్రవరి చివర్లో చలి విరిగి, ఎండ ఇంకా ముదరని ఆ నాలుగు వారాల్లో మాలో ఎవరో ఒకరికి ఈ పని పడుతూనే ఉంటుంది. నేనే మూడేళ్లుగా తప్పించుకు తిరుగుతున్నాను. ఒక ఏడు నడుం నొప్పి అన్నాను, ఒక ఏడు ఆఫీసులో లెక్కల తనిఖీ అన్నాను, ఒకసారి ఏకంగా శుక్రవారం ఉపవాసం అన్నాను. కోడికూర లేని శుక్రవారం నాకు లేదని అందరికీ తెలుసు కాబట్టి ఆ వంక మీద మావాళ్లు నెలరోజులు నవ్వుకున్నారు. ఈసారి చెప్పడానికి వంకలు మిగల్లేదు. చేపల మార్కెట్ వైపు నుంచి గాలి కొడుతుంటే మెట్ల మీదే కాసేపు కూర్చుని, సరే అని రాశాను.

కువైట్‌లో సైకిలేమిటి, ఎడారిలో తొక్కడమేమిటి అని మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వాల్సిందే. మేం ఆరుగురం, అబ్బాసియాలో ఒకే వీధివాళ్లం. అందరివీ శుక్రవారాలు జరిగే జుమా సంతలో కొన్న పాత సైకిళ్లు. హైవే మీద తొక్కితే ప్రాణానికి భరోసా లేదు కాబట్టి వాటిని ఒక హాఫ్ లారీలో కట్టి, జహ్రా దాటించి, ముత్లా గుట్ట దగ్గర దింపుకుంటాం. అక్కడి నుంచి మట్టి బాట. చలికాలం వానలు బాగా పడిన ఏడు ఆ నేల మీద పచ్చిక లేస్తుంది, అర్ఫజ్ పొదలు పసుప్పచ్చగా పూస్తాయి. ఆ పూత చూసిన కొత్తవాళ్లు ఎడారి అంటే ఇదేనా అని నోరు తెరుస్తారు. కానీ ఆ బాటను నమ్మడానికి లేదు. పోయిన వారం గట్టిగా ఉన్న చోట ఈ వారం మోటారు బళ్లు తిరిగి ఇసుక పిండిలా అవుతుంది. గుడారాలు వేసుకున్నవాళ్లు నీళ్లు పోవడానికి తవ్విన కాలువలు పూడ్చకుండా పోతారు. చలి మంటలో చెక్కలు కాల్చి మేకులు బూడిదలోనే వదిలేస్తారు. ఆ మేకులు మా ట్యూబులను ఎన్నింటిని పొట్టన పెట్టుకున్నాయో. అందుకే ఒకడు వారం ముందు పోయి దారంతా చూసి రావాలనీ, వాడు చెప్పాకే మిగతావాళ్లు కదలాలనీ మాకో కట్టుబాటు ఉంది. అది పెట్టింది మా చిన్నాయన.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో డ్రైవరు. నన్ను ఈ దేశానికి తెచ్చింది కూడా ఆయనే. మనిషి పొట్టి, మీసం మాత్రం పొడవు. సైకిల్ హ్యాండిల్‌కు ఎప్పుడూ ఒక తువ్వాలు కట్టుకునేవాడు. కడప జిల్లాలో సేద్యం చేసి, సేద్యం వదిలేసి వచ్చినవాడు కాబట్టి నేల విషయంలో ఎవరి మాటా వినేవాడు కాదు. దారి చూసేవాడు మధ్యమధ్యలో దిగి మడమతో నేలను తొక్కి చూడాలని ఆయన రూలు. "కంటితో చూసి చెప్తే కుదరదు అబ్బోడా. మడమ పెట్టి తిప్పాల. నీళ్లు ఊరితే ఎనక్కి తిరగాల" అనేవాడు. "మీ సీమలో నీళ్లుంటే గదండీ ఊరడానికి, మీకెలా తెలిసిందండీ ఇదంతా" అని వంటాయన ఎగతాళి చేసేవాడు. చిన్నాయన వాడి పులిహోర పొట్లం లాక్కుని తినడమే జవాబుగా పెట్టుకున్నాడు.

ఆయనకు ఒక్కటే కోరిక ఉండేది. గుట్ట దిగాక బాట ఉత్తరపు ఒడ్డుకు, సముద్రం నీళ్ల దాకా పోతుంది. ఏటా చలికాలంలో తనను పనిలో పెట్టుకున్న కఫీల్ కుటుంబాన్ని గుడారాలకు తీసుకొచ్చినప్పుడల్లా ఆయన గుట్ట మీద కారు పక్కనే కూర్చుని, దూరంగా మెరిసే ఆ నీళ్లను చూసేవాడట. కారు వదిలి దిగడానికి లేదు. పిల్లలు ఎప్పుడు ఎక్కడికి తీసుకెళ్లమంటారో తెలియదు. మాతో సైకిల్ మీద వచ్చిన రోజుల్లో కూడా ఆయనకు దొరికే అరపూట సెలవు ఒడ్డు దాకా చాలేది కాదు. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా రద్దు చేయించుకుని, టికెట్ చేతికొచ్చాక నాతో అన్నాడు: "ఇన్నేండ్లు వాళ్లు యాడికి పొమ్మంటే ఆడికి పోతి. ఒక్క దినం నేను పోవాలనుకున్న తావుకు నా కాళ్లతో పోతా. ఆ నీళ్లలో చెయ్యి పెట్టి, ఖలాస్, ఇంటికి పోతా." ఆయన విమానానికి ముందు మిగిలినవి రెండే శుక్రవారాలు, ఒకటి దారి చూడటానికి, ఒకటి పోవడానికి. దారి చూసి వచ్చే వంతు నాది.

నేను పోలేదు. ఇన్నేళ్లకు ఈ మాట రాయగలిగాను. దారి చూడాల్సిన ఆ శుక్రవారం ఫహాహీల్‌లో ఒక స్నేహితుడి కొడుకు పుట్టినరోజు. రాగిసంగటి, నాటుకోడి పులుసు. తిని పడుకుంటే సాయంత్రం దాకా మెలకువ రాలేదు. బస్సులో తిరిగి వస్తూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. వాన పడి పదిరోజులైంది. మా చేలల్లో అయితే నాలుగు ఎండలకు నేల పదునుకు వస్తుంది, పది ఎండలకు రాయిలా అవుతుంది. ఇక్కడి ఎండ సంగతి చెప్పేదేముంది? సేద్యగాడి కొడుకును, నాకు నేల సంగతి తెలియదా అనుకుని, దారి బాగా ఆరిందని గుంపులో రాసేశాను. నమ్మకం కలగడానికి, మూడో గుడారాల గుంపు దగ్గర మేకులున్నాయి జాగ్రత్త అని ఒక ముక్క కూడా కలిపాను. మేకులు ఎక్కడైనా ఉంటాయి కదా.

ఆ శుక్రవారం పొద్దున గాలి చల్లగా ఉంది. చిన్నాయన కొత్త చొక్కా వేసుకొచ్చాడు. గుట్ట దిగుతూ "యల్లా, యల్లా" అని అందరికంటే ముందు తొక్కాడు. గంటన్నర పోయాక నేల చదునుగా, తెల్లగా మారింది. ఒడ్డు పక్కన అలాంటి ఉప్పు నేలను ఇక్కడివాళ్లు సబ్ఖా అంటారు. పైన అప్పడంలా ఎండి ఉంటుంది, కింద నెలల తరబడి తడి ఆరదు. మా ఊరి ఎండల లెక్క దానికి పనికిరాదని నాకు ఆ రోజే తెలిసింది. ముందు చిన్నాయన చక్రం దిగబడింది, తర్వాత నాది. బురద బ్రేకుల్లో, గొలుసులో పట్టేసి చక్రాలు తిరగడం మానేశాయి. చిన్నాయన దిగి మడమ పెట్టి తిప్పాడు. నీళ్లు ఊరాయి. ఆయన తలెత్తి ముందుకు చూశాడు. నీళ్ల దాకా కిలోమీటరు కూడా ఉండదు. ఆ తెల్లటి నేల మీద ఒక్క చక్రం గీత లేదు, ఒక్క అడుగు లేదు. అలాంటి నేల మీద పడ్డ జాడ వారాల తరబడి పోదని మా అందరిలో బాగా తెలిసింది ఆయనకే. తర్వాత నా వైపు చూశాడు. నేను కళ్లు దించుకున్నాను.

"ఏవండీ, దారి ఆరిందన్నారు?" అన్నాడు వంటాయన, కాళ్లకు పట్టిన బురద దులుపుకుంటూ.

నేను నోరు తెరిచేలోపే చిన్నాయన అందుకున్నాడు. "వాడు చూసిపోయినాక మళ్లా వాన పడినట్టుండాది లేప్పా. వాని తప్పేముంది" అన్నాడు.

ఆ వారం కువైట్‌లో చినుకు పడలేదు. అది మా అందరికీ తెలుసు. సైకిళ్లు భుజాన వేసుకుని వెనక్కి నడిచాం. గట్టి నేల వచ్చాక చిన్నాయన తువ్వాలు పరుచుకుని, ఒడ్డుకు ఎదురుగా కూర్చుని పులిహోర తిన్నాడు. పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, "ఇంత దూరం వచ్చినాం గదా, చాల్లే" అన్నాడు. దారంతా చెప్పేద్దామనుకున్నాను. హాఫ్ లారీలో పక్కనే కూర్చున్నాను, చెప్పలేదు. విమానాశ్రయంలో సంచీ అందిస్తూ కూడా చెప్పలేదు. ఆయన ఊరు చేరాక ప్రతి వారం ఫోన్ చేసేవాడు. ఒక్కనాడూ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తితే ఒప్పుకుందామని నేను, ఎత్తితే నేను బాధపడతానని ఆయన; అలా రెండేళ్లు గడిచిపోయాయి.

పోయిన ఏడు గుండెనొప్పితో పోయాడు. చివరిచూపుకు అందలేకపోయాను. ఫోన్లో చిన్నమ్మ ఏడ్చి ఏడ్చి, కాస్త తేరుకున్నాక అంది: "మీ చిన్నాయన ఆ సముద్రం కాడికి పొయ్యొచ్చినానని ఊర్లో కనిపించినోళ్లందరికీ చెప్పినాడు నాయనా. నా అన్న కొడుకే దగ్గరుండి తీసకపోయినాడని. నీళ్లు సల్లగా ఉండాయంట గదా?" చల్లగానే ఉన్నాయి చిన్నమ్మా అన్నాను. చూడని చోటు గురించి నేను చెప్పడం అది రెండోసారి.

నిన్న శుక్రవారం ఒక్కణ్నే పోయాను. ఈ ఏడు వానలు తక్కువ. గుడారాల దగ్గర రెండు కాలువలు పూడ్చకుండా ఉన్నాయి, ఒకచోట మెత్తటి ఇసుక వందడుగులు. ఇరవైసార్లు దిగి మడమతో తొక్కి చూశాను. సబ్ఖా దగ్గర మాత్రం సైకిల్ వదిలేసి, చుట్టూ తిరిగి, గట్టు పట్టుకుని నడిచి నీళ్ల దాకా చేరాను. వంగి చెయ్యి పెట్టాను. అక్కడే నిలబడి చిన్నమ్మకు ఫోన్ చేశాను, ఈసారి అంతా చెప్పేయాలని. ఎక్కడున్నానో చెప్పగానే ఆమె గొంతు వెలిగింది. "మీ చిన్నాయన పోయిన తావుకేనా? మళ్లా పోయినావా నాయనా? ఆయన చెయ్యి పెట్టిన నీళ్లేనా?" అంది.

ఆ నీళ్లే చిన్నమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. నిజం చెప్పడానికి నాకు ఒక శుక్రవారం దొరికింది, చిన్నాయన పక్కన ఆ బురదలో నిలబడ్డ రోజు. ఆ తర్వాత వచ్చినవన్నీ ఉత్త సెలవు రోజులే.