నా పని నిలుపు ప్రభువా!

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట అందరికీ వందనాలు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మాది ధారూర్. పద్దెనిమిదేళ్లు రోజూ పొద్దున్నే రైలెక్కి తాండూరు పోయి, అక్కడ పాలిష్ మిషన్ కింద పెట్టిన నాపరాతి బండల మీద నీళ్లు పోస్తూ నిలబడ్డాను. ఆ చప్పుడులో పక్క మనిషి మాటే కాదు, నా మాట నాకే వినబడేది కాదు! నాలాంటి వాగుడుకాయ పొద్దంతా నోరు మూసుకుంటే ఎట్లుంటుందో చూడండి! ఇంటికొచ్చాక కూడా నోరు పెగిలేది కాదు, ఈ పిల్ల కథ చెప్పమంటే పొమ్మని చేత్తో సైగ చేసేదాన్ని. ఇది గూడ రాయి బిడ్డా, నిజమే గద, సిగ్గెందుకు!

మా ఆయన పోయినప్పుడు దేవుడిచ్చిన పని అది, దాంతోనే పిల్లల్ని పెంచాను, ఇప్పుడు వదిలితే ఆ దేవుని మేలు మరిచినట్టవుతుందని నా భయం. కొడుకు సంపాదనకొచ్చి "ఇగ చాలమ్మా, ఇంట్ల కూసో" అన్నా వినలేదు. ప్రతి బుధవారం కూడికలో నాది ఒకటే ప్రార్థన: "నా పని నిలుపు ప్రభువా!" అందరూ ఆమెన్ అనేవారు.

ఒక బుధవారం మా పాస్టరమ్మ అందరి మనవులూ కాగితం మీద రాసుకుంటూ నా దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, నిలుపు అంటే ఉంచుమనా, ఆపుమనా? జర సక్కగ చెప్పు, గట్లనే రాస్త."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, "ఆపుమనే, పాస్టరమ్మా!" అని నోట్లోంచి వచ్చేసింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకొని ప్రార్థించింది: "తండ్రీ, అడివిల ఆకలైన నీ జనానికి పైనించి మన్నా కురిపించి తిండి పెట్టినవు. పంట పండే కనాను దేశం చేరినంక మన్నా ఆగింది గని నువ్వు ఆగలే. గీ తల్లి భయం తీసెయ్యి."

ఆ మాటతో భయం దిగిపోయింది, నెల తిరగకముందే పని మానేశాను. కొన్నాళ్లు రైలు కూతేస్తే చాలు, టిఫిన్ డబ్బా కోసం వెతికేదాన్ని! అంతలో పాస్టరమ్మ వాళ్లమ్మను వికారాబాద్ దవాఖానాలో చేర్చారు, తోడుగా కూర్చోడానికి పోయాను. ముద్ద ముట్టని ఆ ముసలామెకు మా బర్రె ఒకసారి పెళ్లి పందిట్లో దూరిన సంగతి చెబుతూ చెబుతూ గిన్నెడు జావ తాగించాను. నర్సమ్మ వచ్చి "అవ్వా, నీ ముచ్చట ఇనుకుంట పక్క మంచం తాత గూడ తిన్నడు! రోజూ రారాదా?" అంది.

ఇప్పుడు అక్కడే నా పని. అదే ధారూర్ స్టేషన్, కాకపోతే తాండూరు బండి కాదు, ఇటు వికారాబాద్ బండి! తినలేనివాళ్లకు తినిపిస్తాను, ఎవరూ లేనివాళ్లతో మాట్లాడతాను. నా వాగుడు కూడా ఆయనకు పనికొచ్చింది, దేవునికే మహిమ!

ఇష్టం లేని పనిని దేవుడి పేరు చెప్పి పట్టుకు వేలాడేవాళ్లు మీలో ఉంటే, భయపడకుండా ఆయనతో చెప్పుకోండి. మాట సరిగ్గా అడగడం నాకు రాలేదు, సరిగ్గా వినడం ఆయనకు వచ్చు. ఆ మిషన్ చప్పుడులోనే విన్నాడు!

ఇగ పెన్ను పక్కకు పెట్టు బిడ్డా. గప్పుడు కథ అడిగితివి గద, రా, చెప్త.