క్వాతీల ముఖం గీసిన మామ్పింగా

త్సోలో దగ్గర మా కొండవాలు ఊళ్ళో ఆమెను నొసాండిసె అని పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. మామ్పింగా అంటేనే పలుకుతుంది. పెళ్ళై నలభై ఏళ్ళయింది, మనవలనెత్తింది. అయినా మొగుడి పేరు గుర్తింపు పుస్తకం దాటి రాలేదు. జనం నోట్లో ఆమె ఎప్పటికీ మ్పింగాల ఆడపడుచే. మాలో ఆడదాని వంశం పెళ్ళితో పోదు, మట్టిలో కలిసేదాకా వెంట వస్తుంది.

ఆమె పని పటాలకు రంగులెయ్యడం. పటాల సంచీ తగిలించుకుని ఊళ్ళు తిరిగే ఆసామి ఒకడు ఎప్పుడో కాలు విరిగి వాళ్ళింట్లో మూడు నెలలు మంచాన పడ్డాడు. అతనికి పని చెయ్యకుండా ఉండడం చేతకాదు, ఈమెకు అడక్కుండా ఉండడం చేతకాదు. కాలు అతుక్కునేసరికి విద్యంతా ఈమెకొచ్చేసింది. తెల్లవాళ్ళ పాలనలో నల్లవాళ్ళు జేబులో మోసిన పాస్ పుస్తకంలోని బొటనవేలంత ఫోటోను పట్నంలో పెద్దది చేయించి తెచ్చి, దానికి రంగులద్దుతుంది. బతికినన్నాళ్ళూ గనిలో చొక్కా లేకుండా రాళ్ళు కొట్టినవాడు ఆమె చేతిలో నీలం కోటూ టై తొడుక్కుని గోడెక్కుతాడు.

కుంచె ముట్టుకునే ముందు వంశం అడుగుతుంది. ఆ వంశపు పెద్దల పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ రంగు వేస్తుంది. పేరు పెట్టి పిలవందే ముఖం ఇటు తిరగదంటుంది. వంశంతో ఆగితే బాగుండును. మీ పెద్దన్న పెళ్ళికెందుకు రాలేదు, మీ చెల్లెలు ఎక్కడుంది అని కూడా అడుగుతుంది. మామ్పింగాకి ఫోటో ఇస్తే ముఖంతోపాటు ఇంటి గుట్టుకి కూడా రంగులేసి ఇస్తుందని ఊళ్ళో వేళాకోళం.

ఆ ఏడు ఆగస్టులో తాపీమేస్త్రీ మ్జుకిసి ఆమె ఇంటికొచ్చాడు. యాభైరెండేళ్ళ మనిషి.

"మా నాన్న పటం కావాలమ్మా."

"ఫోటో తే."

"ఫోటో లేదు."

"లేకపోతే నీ మొహం చూసి గియ్యమంటావా?"

అతను నవ్వలేదు. అప్పుడామె రంగు గిన్నె పక్కన పెట్టి కూచుంది.

అతని తండ్రిది క్వాతీల వంశం. పెళ్ళిమాటలు మొదలవకముందే జొహానెస్‌బర్గ్ గనులకు పోయి, రాయి కింద పడి అక్కడే పోయాడు. కడుపులో ఉన్న పిల్లవాడు మేనమామ ఇంట్లో పుట్టి, తల్లి వంశం భేలే పేరుతో పెరిగాడు. ఇన్నేళ్ళూ దానికేం లోటు రాలేదు. ఇప్పుడు కొడుకు ఫుమ్లానీకి పద్దెనిమిదేళ్ళు. డిసెంబరులో ఈడు కుర్రాళ్ళతో కొండకెళ్ళి, సున్తీ అయ్యి మగాడై దిగుతాడు.

"ఏ వంశం పేరు పిలిచి మగాణ్ణి చేస్తే వాడు ఆ వంశంలోనే చస్తాడమ్మా. నా తప్పు వాడి మీద పడుతుంది."

"మీ మేనమామ ఏమన్నాడు?"

"మీ నాన్న వాళ్ళు పెద్దల్ని పిలుచుకునే పశువుల దొడ్డి ఎక్కడో నీకు తెలుసు, వెళ్ళి అడుగు, కాదంటే నా దొడ్డి ఎక్కడికీ పోదు అన్నాడు."

"మరి అడిగావా?"

"ఉత్తచేతుల్తోనా? నాన్న పటం పట్టుకెళ్తే కాదనలేరు కదా."

కుదరదని అప్పుడే చెప్పాల్సింది. కానీ ఆ క్వాతీలు ఎలా ఉంటారో చూడాలని ఆమెకు కాళ్ళు దురద పెట్టాయి. పటాలు కావాలా అనే వంకతో ఆ ఊరెళ్ళి, మొక్కజొన్న బీరు తాగుతూ కూచున్న మగవాళ్ళను సాయంత్రందాకా చూసింది. ఇంటిపెద్ద మ్లిండేలి నుదురు, అతని తమ్ముడి చెవులు, ఒక ముసలాయన కళ్ళు. దవడ మాత్రం మ్జుకిసిదే పెట్టింది. కోటు వేసింది, టై కట్టింది. "డికేలా, నోనీ" అని క్వాతీల పెద్దల పేర్లు, ఆ వంశంలో ఎవర్నైనా పిలిచే పేర్లే, పలుకుతూ రంగులు నింపింది. పటం అందంగా వచ్చింది. ఎంత పిలిచినా ఆ ముఖం మాత్రం ఇటు తిరగలేదు. మ్జుకిసికి ఆ సంగతి చెప్పలేదామె.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరూ వెళ్ళారు. పోయినాయనకు సొంత అక్క నొఫెజిలె ఇంకా ఉంది. తొంభైకి దగ్గర పడింది, నోట్లో పొడుగు పైపు. పటం ఆవిడ ఒళ్ళో పెట్టారు. చాలాసేపు చూసింది.

"ఎవరితను?"

"మీ తమ్ముడత్తా," అన్నాడు మ్జుకిసి.

"నాకిలాంటి తమ్ముడు లేడే. మా వాడికి ఎత్తుపళ్ళు. నవ్వితే ముందు పళ్ళొచ్చేవి, తర్వాత వాడొచ్చేవాడు."

మగవాళ్ళు పగలబడి నవ్వారు. మ్లిండేలి మాత్రం నవ్వలేదు. "మా ఇంటికొచ్చి మాకే దొంగ తండ్రిని చూపిస్తావా? లేవయ్యా, పొద్దు పోకముందే బయల్దేరు," అన్నాడు.

మ్జుకిసి పటం తీసుకోబోయాడు. మామ్పింగా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు బాబూ," అంది. "అమ్మా, అతని తప్పు లేదు. ఫోటో లేదంటే ఈ ముఖం నేనే కల్పించాను. ఆ నుదురు ఈయనది. ఆ చెవులు అదిగో ఆ తమ్ముడివి."

తమ్ముడు చెవులు తడుముకున్నాడు. "నన్నడక్కుండానే పట్టుకుపోయావా?"

"ఆ దవడ ఎవరిది?" అంది ముసలావిడ.

"ఇతనిది."

ఆవిడ పటం పక్కన పెట్టేసి మ్జుకిసిని దగ్గరికి రమ్మంది. "పళ్ళు చూపించు."

అతను నోరు తెరిచాడు. ముందు పళ్ళు నాలుగూ లేవు.

"పరంజా మీంచి పడ్డానత్తా. అంతకుముందు ఉండేవి."

మళ్ళీ నవ్వులు. ఈసారి మ్లిండేలి కూడా మీసం కింద నవ్వాడు. ఆవిడ పైపు తీసి నేలకేసి కొట్టి బూడిద దులిపింది.

"మీ అమ్మ పేరు?"

"నొమాలాంగా."

"నిండు కడుపుతో వచ్చి ఆ గుమ్మం దగ్గర కూచుంది. పెళ్ళి కాలేదని మా అమ్మ పలకరించలేదు. నేను మంచినీళ్ళిచ్చాను, చాప వెయ్యలేదు. ఇంత నీడన్నా లేదు, ఎండలోనే లేచి వెళ్ళిపోయింది." పైపు అతని వైపు చూపింది. "నేను బతికున్నాను కదరా. మనిషిని వదిలేసి కాగితాన్ని వెంటబెట్టుకొచ్చావేం?"

ఆవిడ మ్లిండేలి వైపు తిరిగింది.

"ఈ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మేకను కోసి, పోయిన పెద్దలకు చెబుతాం. వీడికి చెప్పలేదు. ముందు అది కానివ్వండి, తర్వాతే వీడి కొడుకు సంగతి."

"బిడ్డకా? యాభైరెండేళ్ళు వీడికి."

"ఆలస్యం మనదిరా, వీడిది కాదు." పటాన్ని మామ్పింగా చేతిలో పెట్టింది. "ఇది తీసుకుపో అమ్మాయ్. బాగానే వేశావు గానీ, మా వాడు కాదు."

అరవై దాటిన మామ్పింగా చిన్నపిల్లలా పటం చంకలో పెట్టుకుంది. దారంతా మ్జుకిసిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అలా జరగడం అదే మొదటిసారి.

రెండు వారాల తర్వాత మేకను కోశారు. మ్జుకిసిని చాప మీద కూచోబెట్టి దుప్పటి కప్పారు. పక్కన ఫుమ్లానీ కూచున్నాడు. మ్లిండేలి పెళ్ళాం వంగి చూసి, "బిడ్డ బొద్దుగానే ఉన్నాడు, పాలు మాన్పించారా?" అంది. మేక కుడి ముంగాలి పైనుంచి తీసిన ముక్క ఉప్పు లేకుండా కాల్చి అతని చేతికిచ్చారు. ముందు అతను తింటేగానీ ఎవరూ ముట్టరు.

"పళ్ళు లేవుగా, నమిలి పెట్టండర్రా," అని ఎవరో అన్నారు.

అతను దవడతో తంటాలు పడుతుంటే మ్లిండేలి దొడ్డి గుమ్మంలో నిలబడి పెద్దలను పిలిచాడు. ఆలస్యమైందని వాళ్ళకు చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఇటు తిరిగి, "డికేలా, నోనీ," అన్నాడు.

ఎవరూ పలకలేదు. ఎవర్ని పిలుస్తున్నాడా అని మ్జుకిసి వెనక్కి తిరిగి చూశాడు. ఆడవాళ్ళ మధ్యలో ఉన్న మామ్పింగా నోరు తెరవబోయి ఆపుకుంది, అది ఆమె చెప్పాల్సిన మాట కాదు. ఫుమ్లానీ తండ్రిని మోచేత్తో పొడిచాడు.

"నాన్నా, మనల్నే."

మ్జుకిసి మాంసం బుగ్గకు నెట్టి, "ఇక్కడే ఉన్నాం," అన్నాడు.