ఐదు బండ్లు వెళ్ళాయా

నిన్న మధ్యాహ్నం తెనాలి స్టేషన్లో రేపల్లె రైలు కోసం కూర్చున్నాను. నా బెంచీకి కొంచెం దూరంలో, పార్సిల్ ఆఫీసు గోడకి ఆనించి ఎవరిదో మోటారు సైకిలు ఉంది. హ్యాండిలుకీ దీపానికీ ఎండుగడ్డి చుట్టి, మీద గోనెపట్టా కప్పి, పురికొసతో బిగించి కట్టారు. ట్యాంకు అడుగున మిగిలిన పెట్రోలు వాసన ఎండుగడ్డి వాసనతో కలిసి నా దాకా వచ్చింది. ఈ వయసులో నాకు వాసనలు సరిగా తెలియడం లేదు. ఇది మాత్రం తెలిసింది. ఆ గోనెపట్టా కింద ఉన్నది ఖాసిం బాబాయి బండే అన్నట్టు, దానివైపు చూస్తూ ఉండిపోయాను.

ఖాసిం బాబాయి నాకు చుట్టం కాదు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో తెనాలిలో ఒక ఎరువులు, పురుగుమందుల దుకాణంలో నేను చేరినప్పుడు ఆయన నా పై ఉద్యోగి. మాది చెరుకుపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. బురదలో దిగడం ఇష్టంలేక, మోటారు సైకిలు మీద తిరిగే ఉద్యోగమని చేరాను. ఆయనది రేపల్లె. పొద్దున్నే నల్లబండి మీద తెనాలి వచ్చేవాడు, అక్కణ్ణుంచి బాపట్ల, దారిలో ఊళ్ళన్నీ తిరిగి సాయంత్రానికి మళ్ళీ రేపల్లె. ఏళ్ళ తరబడి అవే రోడ్లు. ఏ ఊళ్ళో ఆగినా ఎవరో ఒకరు "ఖాసిం గారూ, మజ్జిగ పుచ్చుకోండి" అని పిలిచేవారు. మొదట్లో నేను సార్ అనేవాణ్ణి. "సార్ ఏంట్రా, బడి పంతుల్ని పిలిచినట్టు. బాబాయ్ అను" అన్నాడు. ఆ రోజు నుంచి అంతే.

చేరిన వారంలోనే ఒకనాడు బాపట్ల వెళ్ళడానికి మందు డబ్బాలు సంచిలో సర్ది బండికి కట్టాను.

"చూశావా?" అన్నాడు.

"చూశానండి."

"చెయ్యేసి చూశావా?"

ఏం తేడా అన్నట్టు నిలబడ్డాను. ఆయన సంచిలో చెయ్యిపెట్టి, ఒక్కో డబ్బా మూతా తడిమి, ఒకదాన్ని బయటికి తీశాడు. మూత వదులుగా ఉంది. "కన్ను బద్ధకస్తురాలు అబ్బాయ్. నిన్న ఉన్నదే ఇవాళా ఉందనుకుంటది" అన్నాడు. ఆయన అంతే. బయల్దేరేముందు టైర్లు, గొలుసు, దీపం, అన్నిటి మీదా చెయ్యి వేసేవాడు. అందుకని ఆయన అరచేతులు ఎప్పుడూ నల్లగా ఉండేవి. "ఈ చేతుల్తో కంచం ముట్టుకోనిచ్చేది కాదు మా ఇంటిది. గుమ్మంలోనే కిరసనాయిలు గుడ్డ పట్టుకుని నిలబడేది" అని ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఆమె పోయి అప్పటికి చాలా కాలమైంది. పిల్లలు లేరు.

ఒక సాయంత్రం ఏదో పనిమీద ఆయన వెనకాలే రేపల్లె వెళ్ళాను. ఇంటిముందు బండి ఆపాడు కానీ ఇంజను కట్టెయ్యలేదు. సీటు మీద అలాగే కూర్చున్నాడు. పెట్రోలు దండగ కదా బాబాయ్ అన్నాను. "ఇది ఆగిందంటే ఇంక పొద్దున దాకా ఏ చప్పుడూ ఉండదు" అన్నాడు. తర్వాత తాళం తిప్పాడు. నిజంగానే, ఆ ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

ఢిల్లీ ఊసు మొదలెట్టింది ఆయనే. బాపట్లలో రైసుమిల్లు వాళ్ళబ్బాయి సుబ్బారావు, అతని స్నేహితులు ముగ్గురు, నేను, అందరికీ బండ్లున్నాయి. కుప్పనూర్పిళ్ళయ్యాక అందరికీ తీరికే. బండ్లని రైల్లో ఢిల్లీ చేర్చి, అక్కణ్ణుంచి తెనాలి దాకా నడుపుకుంటూ రావాలని ఆయన కోరిక.

"అంత దూరం ఎందుకు బాబాయ్, సూర్యలంక పోయి స్నానం చేసొద్దాం" అన్నాడు సుబ్బారావు.

"స్నానం ఇంట్లోనూ చెయ్యొచ్చు. నా వెనకాల ఐదు బండ్ల చప్పుడు వినబడతా ఉండాలి. వెనక్కి తిరిగి చూడకుండా, అందరూ ఉన్నారని తెలియాలి. అదీ నాకు కావల్సింది."

బండ్లు కట్టడం ఈ తెనాలి ప్లాట్‌ఫారం మీదే జరిగింది. పెట్రోలు డబ్బాల్లోకి వంచాం. మా పొలం నుంచి గడ్డి మోపులు నేనే తెచ్చాను. మేమెక్కే రైలుకే, వెనకనున్న లగేజీ పెట్టెలో, మా టిక్కెట్ల మీదే బండ్లూ ఎక్కించారు. బాబాయి ఒక కట్టుబాటు పెట్టాడు. దారిలో పెద్ద స్టేషన్లలో సరుకు దించుతారు, ఎక్కిస్తారు. ఆ హడావుడిలో మన బండి దిగిపోతే తెలియదు. కాబట్టి ప్రతి పెద్ద స్టేషన్లోనూ వంతులవారీగా ఒకరు దిగి, లగేజీ పెట్టె దాకా వెళ్ళి, ఆరు బండ్ల మీదా చెయ్యేసి రావాలి. ఆయన వంతు వచ్చినప్పుడల్లా చేతులు గడ్డినుసితోనూ మడ్డితోనూ నిండి తిరిగొచ్చేవాడు. "ఉన్నాయి" అని ఒక్కమాట అని నీళ్ళకోసం వెళ్ళేవాడు.

నాగపూర్ చుట్టుపక్కల ఒక జంక్షన్లో నా వంతు వచ్చింది. ఆ స్టేషను పేరు రాయను. తప్పు ఆ ఊరిది కాదు. ప్లాట్‌ఫారం నిండా కమలాపళ్ళ బుట్టలు. కోమటి కొట్లో వాడిపోయిన కమలాలు తప్ప నేనెరగను. బేరమాడి కొన్నాను, అక్కడే నిలబడి రెండు వలుచుకు తిన్నాను. లగేజీ పెట్టె చాలా దూరంలో ఉంది. ఆ తలుపు దగ్గర కూలీలు బుట్టలు అందిస్తున్నారు. గోనెపట్టాలు కొన్ని కనబడ్డాయి. కనబడ్డాయి కదా అనుకున్నాను. విజిల్ వేశారు. పరుగెత్తుకొచ్చి ఎక్కాను.

"చూశావా?" అన్నాడు బాబాయి.

"చూశాను బాబాయ్. ఆరూ ఉన్నాయి." కమలాలు ఆయన చేతిలో పెట్టాను.

ఆయన నావైపు ఒక క్షణం చూశాడు. పండు వలుచుకున్నాడు. "తియ్యగా ఉంది" అన్నాడు.

తర్వాతి పెద్ద స్టేషన్లో సుబ్బారావు దిగాడు కానీ రైల్వేవాళ్ళు లగేజీ పెట్టె తలుపు తెరవలేదు. ఆ తర్వాత ఢిల్లీ దాకా ఎక్కడా తియ్యనే లేదు. ఢిల్లీలో దించేసరికి ఐదే ఉన్నాయి. లేనిది బాబాయిది. బుట్టలకి చోటు చెయ్యడానికి ఒక బండి కిందికి దించి ఉంటారని నాకు అర్థమైంది. అందరూ సుబ్బారావు మీద పడ్డారు. "తలుపు తియ్యకపోతే నేనేం చెయ్యను, బద్దలుకొట్టనా?" అని అతను గింజుకున్నాడు. నేను పక్కన నిలబడి గోనెపట్టా మడత పెడుతున్నాను.

బాబాయి అందర్నీ ఊరుకోబెట్టాడు. "వచ్చుద్దిలే. మీకు సెలవులు అయిపోతాయి, మీరు బయల్దేరండి. బండి రాగానే నేను మీ వెనకే వస్తా."

"నేనుంటాను బాబాయ్" అన్నాను.

"వద్దులే."

ఆ ఒక్క మాటకే నేను ఆగిపోయాను. మళ్ళీ అడగలేదు. ఇంకోసారి అడిగితే ఉండమంటాడేమోనని భయపడ్డాను కూడా. మేము ఇంజన్లు స్టార్టు చేసి కదులుతుంటే, స్టేషను బయట, కట్లు విప్పగా మిగిలిన గడ్డి పక్కన ఆయన చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, ఆ ఊళ్ళన్నీ చూశాను. ఏదీ గుర్తులేదు. ఆ గడ్డి గుర్తుంది.

తెనాల్లో మాకు పూలదండలు వేశారు, ఫొటో తీశారు. ఆయన ఆ తర్వాత చాలా రోజులకి వచ్చాడు. దుకాణం ముందు బండి ఆపి లోపలికి వస్తే మొహమంతా ఎర్రమట్టి. యజమాని లేచి, "ఏంటి ఖాసిం గారూ, దేశమంతా కొనేశారా?" అన్నాడు.

"చూసొచ్చానండి. అమ్మేట్టు లేరు."

అందరూ నవ్వారు. "ఒక్కడివే ఎట్టా వచ్చావు బాబాయ్?" అని అడిగాడు ఆ పూట దుకాణంలోనే ఉన్న సుబ్బారావు.

"ఏముంది, ప్రతి పెట్రోలు బంకులోనూ ఆగి, ఐదు బండ్లు వెళ్ళాయా అని అడగడం, వెళ్ళాయంటే మళ్ళీ బయల్దేరడం."

"మమ్మల్ని పట్టుకుందామనే?"

ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రయాణం గురించి మాట్లాడలేదు. నన్ను ఎప్పట్లాగే పక్కన తిప్పుకున్నాడు, రైతులతో ఎలా మాట్లాడాలో నేర్పాడు, చివరికి తను మానేసినప్పుడు తన ఉద్యోగం నాకిమ్మని యజమానికి చెప్పాడు. ఆ మంచితనమంతా నాకు ముల్లులా ఉండేది. ఆయనకి తెలియదనుకుని నెట్టుకొచ్చాను.

డెబ్భైలు సగం దాటాక ఆయన బాపట్లలో చెల్లెలి ఇంటికి చేరాడు. మోకాళ్ళు పట్టేసి బండి అమ్మేశాడు. ఒక ఆదివారం నా బండి మీద వెనక ఎక్కించుకుని సూర్యలంక తీసుకెళ్ళాను. ఇసుకలో కూర్చున్నాం. జాలర్లు వలలు ఆరేసుకుంటున్నారు. ఎన్నాళ్ళుగానో దాచుకున్నది అప్పుడు చెప్పాను. నా వంతప్పుడు నేను లగేజీ పెట్టె దాకా వెళ్ళలేదని.

ఆయన సముద్రం వైపే చూస్తూ, "తెలుసురా" అన్నాడు.

"ఎప్పుడు?"

"నువ్వు రైలెక్కినప్పుడే. నీ చేతులు శుభ్రంగా ఉన్నయ్యి. కమలాతొక్క వాసన."

"మరి నువ్వు దిగి చూసుకోలేదేం బాబాయ్?"

"రైలు కదిలింది. కదలకపోయినా దిగేవాణ్ణి కాదేమో. నువ్వు చూశానన్నాక నేను దిగితే నిన్ను అబద్ధాలకోరువన్నట్టేగా. బండి పోతే మళ్ళీ వచ్చుద్దిలే అనుకున్నా." అన్నాడు. "మీరు వెళ్ళాక ఆ కమలాల ఊరికే టెలిగ్రాం ఇచ్చా. మీరున్నప్పుడు ఇస్తే నీ పేరు బయటికొస్తది."

ఆయనే మళ్ళీ, ఏదో మామూలు సంగతి చెప్తున్నట్టు అన్నాడు: "బంకుల్లో అడిగేవాణ్ణని చెప్పాగా, ఐదు బండ్లు వెళ్ళాయా అని. మిమ్మల్ని పట్టుకుందామని కాదు. ఎక్కడో ఒకచోట, నాలుగే వెళ్ళాయి, ఒకడు ఆగాడు అంటారేమోనని."

ఆయన నా భుజం మీద చెయ్యేసి లేచాడు. "పద, ఎండెక్కుతోంది" అన్నాడు. బాపట్లలో వాళ్ళ ఇంటిముందు ఆపాక నేను ఇంజను కట్టెయ్యలేదు. ఆయనా దిగలేదు. ఇద్దరం అలాగే కాసేపు కూర్చున్నాం. తర్వాత ఎక్కువకాలం ఆయన బతకలేదు.

దూరాలు వెళ్ళే మనుషులతో నేను మళ్ళీ ఎప్పుడూ జట్టుకట్టలేదు. ఆ యోగ్యత లేదనుకున్నాను. అయితే ఎవరైనా వద్దులే అంటే ఇంకోసారి అడుగుతాను. రెండోసారి వద్దంటే, చెప్పకుండా ఉండిపోతాను.

నిన్న రేపల్లె రైలు వచ్చింది. నేను ఎక్కకుండా ఆ బండి దగ్గరికి వెళ్ళి, గోనెపట్టా మీద చెయ్యేశాను. కూలీ ఒకతను చూసి, "మీదా బాబాయ్?" అన్నాడు. కాదన్నాను. "ఎక్కిస్తాంలెండి, భయంలేదు" అన్నాడు. అతను దాన్ని వేరే రైలుకి ఎక్కించేదాకా అక్కడే ఉన్నాను. నా రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైలుకి రేపల్లె చేరి ఇంటికి వెళితే, ఎందుకింత ఆలస్యమైందని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. దీపం వేసి చేతులు చూసుకున్నాను. గడ్డినుసి అంటి ఉంది. కడుక్కోబుద్ధి కాలేదు.