అత్త వీపులో విన్న చప్పుడు

మా మేనత్త జీడితోటలో ఏదో చూసి జడుసుకునే చచ్చిపోయిందని మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనున్నచోట చెప్పరు, ఎందుకంటే నేను ఊరుకోను. జడుసుకున్న మనిషి ఏడాది ముందునుంచే ఆయాసపడుతుందా? పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి కూర్చునే నిద్రపోతుందా? వాచిన పాదాన్ని వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుందా? నొక్కి చూసింది వాళ్ళు కాదు, నేను.

యాభైల్లో మాట. నాకు పదేళ్ళు, అత్తకి పంతొమ్మిది. వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోటలో మా ఇల్లు. జీడిపిక్కలు ఏరడానికి వెళ్ళిన అత్త ఒకరోజు చెట్టుకింద కూలబడిపోయింది. నేరేడుపళ్ళు తిన్నట్టు పెదవులు నల్లబడ్డాయి. జడుపు కథ అక్కడే పుట్టింది. నాయనమ్మ తాయెత్తు కట్టించింది. మా నాన్న మాత్రం చెల్లెల్ని బండిమీద పలాసకీ, అక్కణ్ణించి బస్సులో టెక్కలి డాక్టరు దగ్గరకీ తీసుకెళ్ళాడు. అత్త చెయ్యి పట్టుకోడానికి నేనూ వెళ్ళాను.

డాక్టరు చాలాసేపు గొట్టం పెట్టి విన్నాడు. చిన్నప్పుడు మోకాళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చింది. గుండెలో ఒక తలుపు బిగుసుకుపోయిందనీ, ఉప్పు మానాలనీ, నీళ్ళు బాగా తగ్గించాలనీ చెప్పి మందు రాసిచ్చాడు.

నాయనమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. నీళ్ళకుండ పక్కన తనే కాపలా కూర్చుంది. రోజుకి రెండు గ్లాసులు, అంతే. ఆపైన దాహమన్నప్పుడల్లా లేత బొండాం కొట్టించి ఇచ్చింది.

"అదీ కడుపులోకెళ్తే నీళ్ళే కదా నాయనమ్మా?" అన్నాను.

"ఓలమ్మో, పదేళ్ళ గుంటకి డాక్టరీ వొచ్చీసింది! నూతిలో నీళ్ళు మానమన్నాడు గానీ బొండాం మానమన్నాడేటి? సంటిపిల్లలకి పోత్తాం, బాలింతలకి పోత్తాం. ఎవలైనా సచ్చిపోనారేటి?"

అత్త ఆయాసంలోనే నవ్వింది. "ఈ నోటితో నిన్నెవడు సేసుకుంటాడే గుంటా? పెళ్ళిపీటల మీంచే పారిపోతాడు. ఇటు తే."

తెచ్చాను. ఆమె చేతికిచ్చింది నేనే. నా మాట నెగ్గలేదన్న ఉక్రోషంతో మర్నాటినుంచి అడక్కుండానే తెచ్చిపెట్టాను. రోజుకి నాలుగు, అయిదు.

ఒక మధ్యాహ్నం అత్త ముందుకి వంగి కూర్చుంటే, డాక్టరు విన్నదేమిటో వినాలని వీపుకి చెవి ఆనించాను. గుండె దడదడలాడుతోంది. దానికింద, ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా చిటపట. నౌపడ ఉప్పుమళ్ళలో ఎండిన పొరమీద నడిస్తే కాలికింద అలాగే విరుగుతుంది.

"ఏటి వినపడతంది?" అంది అత్త.

"ఏటీ లేదు," అన్నాను. తెలిసిన మాట నోట్లోనే ఉంచుకున్నది నేను ఆ ఒక్కసారే.

మూడోరోజు పొద్దున్న, గోడకి ఆనుకునే, నోట గులాబీరంగు నురగతో పోయింది.

కాలేజీలో జంతుశాస్త్రం తీసుకున్నాను. బల్లమీద మేకగుండె కోసి, ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపులో వేలు పెట్టినప్పుడు అంతా అర్థమైంది. గుండె కుడివైపు రక్తాన్ని ఊపిరితిత్తులకి తోస్తూనే ఉంటుంది. రక్తం అక్కడ గాలి తీసుకుని, ఎడమవైపుకి వచ్చి, ఈ తలుపు దాటి ఒళ్ళంతా తిరగాలి. తలుపు సరిగా తెరుచుకోకపోతే ఊపిరితిత్తుల్లోనే కిక్కిరిసి ఆగిపోతుంది. గాలి ఉండాల్సిన చోటికి నీరు ఊరుతుంది. ఒంట్లో నీరు పెరిగినకొద్దీ ఆ ఊటా పెరుగుతుంది. నేను విన్నది ఆ తడిలో గాలి పడే పాట్లు.

ఇప్పటికీ ఎక్కడ బొండాం చెక్కుతున్నా నాకు ఆ చిటపట వినిపిస్తుంది. నా ఊపిరిలోనే ఉందేమోనని గుక్క బిగబట్టి చూస్తాను. ఆగదు.

నాయనమ్మ ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ బొండాం ముట్టలేదు. జడుపుతోనే పోయిందని నమ్మిన మనిషి బొండాం ఎందుకు మానేస్తుంది? అది ఆమెను అడగలేదు, జవాబు నాకు తెలుసు గనక. తెలియనిది అత్త సంగతి. డాక్టరు చెప్పినదంతా నాకంటే దగ్గరగా కూర్చుని విన్నది. నా వాదనా విన్నది. ఆమె నాయనమ్మ మాట నమ్మి తాగిందా, అదీ నీళ్ళేనన్న నా మాట నమ్మి, తెలిసే తాగిందా?