పెచ్చు లేచిన బిళ్ల

మరైగూడ భూషణానికి కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. రాయి తొలిచే బర్మా మొన వెంట్రుకవాసి పక్కకు జారితే చాలు. మెడలో కట్టుకునే రాతిబిళ్లలకు బెజ్జాలు వేయడం అతని పని. రాయి బలపంలా మెత్తన, అతని నోరు మాత్రం కాదు. తునికాకును బిళ్లంత గుండ్రంగా కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, మడతలు కలిసిన చోట పొడిచి నడిమధ్యను గుర్తిస్తాడు. వసారాలో గొంతుక్కూచుని, కాలివేళ్ల మధ్య బిళ్లను బిగించి, సగం దాకా తొలిచి, తిరగేసి రెండోవైపు నుంచి తొలుస్తాడు. ఒకవైపు నుంచే తోసుకుపోతే అవతల పెచ్చు లేస్తుంది.

మొన్న భార్య సారలమ్మ పక్కన కూచుని రాతిపొడి ఊదింది.

“ఏందే, కండ్లల్ల కొడ్తున్నవ్! పని కాడ ధ్యాస ఉండాలె, ధ్యాస!” అని తిడుతూ తిడుతూ, బిళ్లను తిరగేయడమే మరిచిపోయాడు. టప్పున పెచ్చు లేచింది. “అంత నీ వల్లనే!” అని వాకిట్లోకి విసిరికొట్టాడు.

సంతరోజు చూస్తే అదే బిళ్ల సారలమ్మ మెడలో, నల్లదారానికి. భూషణం తల పట్టుకున్నాడు.

“తియ్యే! నలుగురు జూస్తే నా పరువేంగావాలె?”

“పెచ్చు లోపటికి తిప్పుకున్న, ఎవలకు కనబడది. నీ కోపాన్ని గూడ ఇన్నేండ్ల సంది గట్లనే దాస్తున్న గదా.”

భూషణం బిళ్లను వేలితో తడిమి చూసి గొణిగాడు.

“బెజ్జమైతే సక్కగ నడిమిట్లనే పడ్డది.”