రాహుకాలంలో పలకని బటన్

నేను రిటైరవడానికి ముందు ఏడాది, ఏప్రిల్ మొదటి వారంలో, మా కంపెనీ నన్ను తిరువూరు పంపింది. కంపెనీ విజయవాడలో ఉండేది. అందులో నేను డిజైన్ లీడ్‌ని. అంటే కింద డిజైనర్లు, పైన ప్రాజెక్ట్ మేనేజరు, ఎవరి తప్పయినా వచ్చి ఆగేది మధ్యలో నా దగ్గర. వెబ్‌సైటుకు రంగులు ఎంచడమే నా ఉద్యోగమని మా బంధువులు ఇప్పటికీ అనుకుంటారు. అసలు పని వేరు. చూపు లేనివాళ్ళు, చేతులు వణికే పెద్దవాళ్ళు, బస్సులో పాత ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్ళు, వేరే దేశంలో వేరే టైములో ఉన్నవాళ్ళు, అందరూ ఆ సైటును వాడుకోగలగాలి, నమ్మగలగాలి. ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పి చూశాను. ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు.

తిరువూరులో మా క్లయింటు రాజ్యలక్ష్మి గారు. ఎ.కొండూరు వైపు వాళ్ళకు మామిడితోట ఉంది, తిరువూరులో ప్యాకింగ్ షెడ్డు ఉంది. బంగినపల్లి, చిన్న రసాలు. ఆ ప్రాంతంలో చాలామంది పూత చూసే తోటను వ్యాపారికి గుత్తకిచ్చేస్తారు. ఆ తర్వాత కాయ నిలిచినా రాలినా అతని అదృష్టం. వాళ్ళింట్లో గుత్త వ్యవహారాలన్నీ ఆవిడ బావగారు చూసేవారు. ఆ ఏడు గుత్త వద్దని, పళ్ళు తానే సైటు పెట్టి అమ్ముతానని ఆవిడ పట్టుబట్టారు. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఈ సీజన్లో సరుకు పోకపోతే వచ్చే మూడేళ్ళూ తోట పాత వ్యాపారికేనని షరతు పెట్టారు. మామిడి సీజను మహా అయితే రెండు నెలలు. పండిన పండు ఎవరి పట్టుదల కోసమూ ఆగదు.

మొదటి మీటింగులో ఆవిడ చెప్పినవన్నీ మామూలు కోరికలే, ఒక్కటి తప్ప. రాహుకాలంలో సైటు ఆర్డరు తీసుకోకూడదు. ఆవిడ పుట్టింటివాళ్ళు గానీ అత్తింటివాళ్ళు గానీ ఆ వేళలో కొత్త బేరం ముట్టుకోరట. అది ఆవిడ ఇష్టం, నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ సమయంలో వచ్చినవాళ్ళకు ఏం చెప్పాలని అడిగాను. ఏమీ చెప్పక్కర్లేదన్నారు. అమ్మే చోట రాహువు పేరు రాసిపెట్టడం శుభం కాదు, బటన్ పనిచేయకపోతే చాలు.

మా ప్రోగ్రామరు ఒక సందేహం లేవదీశాడు. మెల్‌బోర్న్‌లో కూర్చుని విజయవాడలో ఉన్న అత్తగారికి పళ్ళు పంపేవాళ్ళుంటారు, వాళ్ళకు ఏ ఊరి రాహుకాలం లెక్క? న్యాయమైన ప్రశ్నే. రాజ్యలక్ష్మి గారు కాస్త ఆలోచించి, "డబ్బు పడేది తిరువూరు బ్యాంకులో కదండీ, తిరువూరు లెక్కే పెట్టండి," అన్నారు. టైమ్ జోన్ గురించి ఇంత స్పష్టమైన నిర్ణయం నా సర్వీసులో మరే క్లయింటూ ఇవ్వలేదు.

కారణం చెప్పకుండా బటన్‌ను చచ్చుబడేట్టు చేయడం మా వృత్తిలో చెడ్డపని. చూపున్నవాళ్ళకు అది వెలిసిపోయిన రంగులో కనిపిస్తుంది. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్ వాడతారు. అది తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు. అలాంటి బటన్ దగ్గరకు వచ్చేసరికి పనిచేయడం లేదని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంటుంది వ్యవహారం. ఇదంతా వివరంగా మేనేజరుకు మెయిల్ పెట్టాను. క్లయింటు అడిగింది చేయమని ఆయన ఒక్క లైనులో జవాబిచ్చారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన ఇంటర్వ్యూలు కూడా దుర్ముహూర్తం దాటాకే పెడతారని తర్వాత తెలిసింది.

సైటు తెరిచాం. చూసేవాళ్ళు బాగానే వచ్చారు, కొనేవాళ్ళు రాలేదు. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. జనం తీరిగ్గా ఫోను పట్టుకుని కూర్చునే వేళ కూడా సరిగ్గా అదే. షెడ్డులో గడ్డి పరిచి మగ్గేసిన బంగినపల్లి రంగు తిరిగింది. బావగారు రోజూ సాయంత్రం వచ్చి, ఒక పండు తీసి వాసన చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. తిట్టినా బాగుండేదని రాజ్యలక్ష్మి గారు నాతో అన్నారు.

రెండో ఆదివారం సంగతేమిటో చూద్దామని నేనే షెడ్డుకు వెళ్ళాను. రాహుకాలం నడుస్తోంది. సైటు అడుగున ఒక ఫోన్ నంబరు ఉండి తీరాలని, దానికి మనిషి పలకాలని నేను మొదట్లోనే పట్టుబట్టాను. ఆ నంబరు మోగింది. ఆవిడ స్పీకర్ పెట్టారు. మాట్లాడింది సత్యనారాయణ గారని, హైదరాబాదులో ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరు. ఆయనకు చూపు లేదు. వాళ్ళ బ్రాంచిలో అందరికీ మామిడి పెట్టెలు తెప్పించే పని ఆయన తన మీద వేసుకున్నారు.

"మీ సైటు బాగానే చదువుతోందండి. పళ్ళ పేర్లు, ధరలు, అన్నీ వినపడ్డాయి. చివరికొచ్చేసరికి బటన్ పనిచేయట్లేదంటోంది, ఎందుకో చెప్పట్లేదు. డబ్బు తీసుకోకముందే పలకనివాళ్ళు, తీసుకున్నాక పలుకుతారా?"

రాజ్యలక్ష్మి గారు ఆ వేళలో ఫోన్లో కూడా ఆర్డరు రాసుకోలేరు. కారణం చెప్పకుండా, ఒక గంటాగి చూడండని నసిగారు. ఆయన ఫోన్ పెట్టేశారు. అది నేను కట్టించిన సైటు. నాకు తల తీసేసినట్టయింది.

అంతలో దగ్గర్లోని నెమలి అనే ఊళ్ళో గుడికి వెళ్ళి తిరిగొస్తున్న కుటుంబం ఒకటి కారాపి షెడ్డులోకి వచ్చింది. ఆవిడ లేచి వాళ్ళకు కుర్చీలు వేయించారు. రెండు పళ్ళు కోసి పెట్టారు, మజ్జిగ ఇచ్చారు. వాళ్ళు ఏరుకున్న పళ్ళు ఒక పెట్టెలో సర్దించి పక్కన పెట్టించారు. ఇది రాహుకాలం, దాటాక డబ్బిచ్చి తీసుకెళ్ళండని మామూలుగా చెప్పారు. వాళ్ళూ మామూలుగానే కూర్చున్నారు. వాళ్ళ తాతగారు పిందె రాలడం గురించి మాట్లాడుతూ మరో ముక్క తీసుకున్నారు. ఎవరికీ కోపం రాలేదు, ఎవరికీ అనుమానమూ రాలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను ఒకే ఒక మాట అన్నాను. "ఫోన్ చేసినాయనకి మనం కుర్చీ వెయ్యలేదండి."

 రాహువు పేరు రాయడం శుభం కాదు కదా అని ఆవిడ మళ్ళీ అన్నారు గానీ, ఈసారి గొంతులో గట్టితనం లేదు. బజారులో అమ్మే క్యాలెండర్ల నిండా ఆ పేరు అచ్చువేసే ఉంటుంది కదా అన్నాను. చివరికి ఆవిడే చెప్పారు, నేను రాసుకున్నాను: ఇది రాహుకాలమండి, ఇప్పుడు డబ్బు తీసుకోం. మీరు ఎంచుకున్న పళ్ళు మీ పేరున పక్కన పెడతాం, ఇంకెవరికీ ఇవ్వం. ఇది దాటాక కట్టండి.

అందులో ఒక్క అక్షరం మార్చలేదు. రాహుకాలం ఎప్పుడు దాటుతుందో, సైటు చూసేవాళ్ళ ఊరి టైములో పడేట్టు చేశాం. రాహుకాలమన్న మాట తెలియని దేశాలవాళ్ళ కోసం ఇంగ్లీషులో రెండు ముక్కల వివరణ పెట్టాం. స్క్రీన్ రీడర్ ఆ వాక్యాన్ని ముందుగా చదివేట్టు, తర్వాత పళ్ళు పక్కన పెట్టించుకునే బటన్ దగ్గరకు తీసుకెళ్ళేట్టు అమర్చాం. ఈ మార్పులకు మేనేజరు అనుమతి అడగలేదు. క్లయింటు అడిగింది చేశామని మెయిల్ పెట్టాను.

సత్యనారాయణ గారికి రాజ్యలక్ష్మి గారే ఫోన్ చేసి సంగతి చెప్పారు. ఆయన సరేనని ఊరుకున్నారు. మరుసటి ఆదివారం, కావాలనే రాహుకాలంలో, సైటు తెరిచారు. బ్రాంచి మొత్తానికీ పెట్టెలు పక్కన పెట్టించుకుని, ఆరు దాటాక డబ్బు కట్టి, ఫోన్ చేశారు.

"ఆగమన్నందుకు కాదండి ఆ రోజు నాకు కోపం. ఇవాళ ఎందుకు ఆగాలో చెప్పారు, ఆగాను."

ఆ ఒక్క వాక్యంతోనే తోట అమ్ముడుపోయిందని నేననను. రసాల్లో కొంత జ్యూసు ఫ్యాక్టరీకే పోయింది. కానీ సైటులో పళ్ళు ఎంచుకుని డబ్బు కట్టకుండా మధ్యలో వదిలేసి వెళ్ళేవాళ్ళు బాగా తగ్గారు, బంగినపల్లి షెడ్డులో మిగల్లేదు. బావగారు మూడేళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. మరుసటి ఏడాది పూత వచ్చినప్పుడు పాత వ్యాపారి వాళ్ళింటికి వచ్చి, కాఫీ మాత్రం తాగి వెళ్ళాడు.

ఆ తర్వాత నా చేతికొచ్చిన ప్రతి సైటులోనూ, అది ఎక్కడ కాదంటుందో ఆ చోటు ముందు తెరిచి చూసేవాణ్ణి. ఔననే చోట ఏ సైటయినా మర్యాదగానే ఉంటుంది. కారణం చెప్పకుండా కాదనేదాన్ని చూపున్నవాడూ నమ్మడు, లేనివాడూ నమ్మడు. తేడా అల్లా, చూపున్నవాడు చెప్పకుండా వెళ్ళిపోతాడు. సత్యనారాయణ గారు ఫోన్ చేసి చెప్పారు.